‘సమజైందా?’ అని అడగొద్దు

(మహబూబ్‌నగర్‌లో వేసవి శిక్షణ శిబిరాలకు వెళ్లే పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు), కోచ్‌ల ముందు ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కొత్తగ చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చానామంది కనపడ్తున్నరు. సంతోషం. నన్ను శిక్షణ పద్ధతుల గురించి మాట్లాడమన్నరు. పద్ధతులు మీరు బీపీఈడీల చదువుకున్నరు, నాకన్న కొత్తగ చదువుకున్నరు. నేను ఒక్కటే ముచ్చట చెప్త. మనం ఒకటి చెప్తే పిల్లలు ఇంకొకటి అర్థం చేసుకుంటరు గద, అప్పుడు మనం ఏం చెయ్యాలె?

దేవరకొండ దిక్కు ఒక హైస్కూల్ల పని చేస్తున్న. ఆడపిల్లల కబడ్డీ టీం. జోనల్స్ పోటీలకు ఇంక పది రోజులే ఉన్నయి. మా పిల్లలకు చైన్ కట్టుడు, అంటే పక్కపక్కనోళ్లు చేతులు పట్టుకొని నిలబడుడు, అలవాటు కాలేదు. రైడర్, అంటే కూతకు వచ్చే పిల్ల, లోపలికి అడుగు పెట్టంగనే ఎవరి చెయ్యి వాళ్లు ఇడిచిపెట్టి చెదిరిపోతున్నరు. రెండు రోజులు చూసిన. మూడో రోజు గట్టిగ అరిచిన, “ఏమన్న కానీ, చెయ్యి మాత్రం ఇడవొద్దు!” అని.

తెల్లారి ప్రాక్టీసుల కార్నర్ల ఒక తొమ్మిదో తరగతి పిల్ల నిలబడ్డది. తండా నుంచి రోజు నడిచి వచ్చే పిల్ల. రైడర్ వచ్చింది, ఈ పిల్ల తొడ పట్టింది. ఒక్క చేత్తోనే పట్టింది. రెండో చెయ్యి పక్కదాని చేతిలనే ఉన్నది. ఆ పక్క పిల్ల కాలు జారి కింద పడ్డది. రైడర్ మధ్యగీత దిక్కు గుంజుతున్నది, పడ్డ పిల్ల బరువు ఇంకో దిక్కు గుంజుతున్నది. ఈ పిల్ల మాత్రం చెయ్యి ఇడుస్తలేదు. భుజం కలుక్కుమన్నది.

నేను ఉరికి పోయి అన్న మొదటి మాట ఏందో తెలుసా? “పిచ్చిదానివా? చెయ్యి ఎందుకు ఇడవలేదు?” అన్న. కండ్లల్ల నీళ్లతోని నా మొఖం చూసి అన్నది, “మీరే ఇడవొద్దన్నరు గద సార్” అని.

ఆ పిల్ల తప్పు ఒక్కటి కూడ లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. చైన్ ఎందుకు కడ్తం? రైడర్ పట్టుకు చిక్కే దాక ఒకరికొకరు ఆసరగ ఉండనీకి. ఒకరు పట్టినంక చైన్ విడిపోవాలె, రెండు చేతులు రైడర్ మీదికి రావాలె, పక్కనోళ్లు వచ్చి మీద పడాలె. ఈ రెండో సగం నా తలకాయల ఉన్నది. నా నోట్లకెల్లి రాలేదు. నాకు తెలుసు కాబట్టి చెప్పిననే అనుకున్న.

ఆ భుజం మూడు వారాలకు నయమైంది. జోనల్స్ ఆ పిల్ల ఆడలేదు. ఆ రోజు నుంచి ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టిన. ఏ మాట చెప్తే పిల్లలు ఏం చేసిన్రు, ఏ మాట మారిస్తే సరిగ చేసిన్రు అని రాసుకున్న. ఇయ్యాల చెప్పేటివి చానావరకు అందులయే.

ముందు మనం ఒక మాట మానుకోవాలె. “సమజైందా?” మన దిక్కు ప్రతి సారు, ప్రతి మేడం పాఠం అయిపోంగనే ఇదే అడుగుతం. పిల్లలు ఏమంటరు? “సమజైంది సార్!” అరవై మంది ఒక్కటే గొంతు. కాలేదని ఒక్కడన్న చెప్పిండా? చెప్పడు. చెప్తే అందరు తిరిగి చూస్తరు, సారుకు కోపమొస్తది, ఆట లేటయితది. ఇంకో సంగతి, తప్పుగ అర్థమైన పిల్లగాడికి తనకు తప్పుగ అర్థమైందని తెల్వదు. వానికి నిజంగనే సమజైంది. వానికి సమజైంది వేరే, అంతే.

అందుకే నేను ఆ ప్రశ్న బంద్ చేసిన. దాని బదులు “ఇప్పుడు నువ్వేం చేస్తవో నాకు చెప్పు” అంట. లేకుంటే ఇంకా మంచిది, “లేటుగ వచ్చిన వీనికి నువ్వు నేర్పు, నేను చూస్త” అంట. పిల్లగాడు ఇంకొకనికి చెప్తుంటే, నా మాట వాని చెవిలకు ఏ రూపంల పోయిందో నా ముందట బయటపడ్తది.

షాట్‌పుట్ సంగతి కొంచెం నిదానంగ చెప్త, ఇది మీ అందరికి ఎదురైతది. మనం ఏమంటం? “గుండు విసరాలె” అంటం. పేపర్ల కూడ గుండు విసిరిండు అనే రాస్తరు. మన పాలమూరు పిల్లగాడికి విసురుడంటే ఏంది? జొన్నచేన్ల మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టల్ని కొట్టిండు. చింతకాయలకు రాయి విసిరిండు. వాని చేతికి విసురుడు పుట్టుకతోని వచ్చింది. మనం సున్నంతోని 2.135 మీటర్ల వలయం గీసి, వాని చేతిల గుండు పెట్టి, విసురురా అంటే, వాడు చెయ్యి వెనక్కు తీసుకపోయి, భుజం వెనకకెల్లి రాయి విసిరినట్టే విసురుతడు. ఫౌల్. రూలేమో గుండు మెడకు, గదువకు దగ్గర ఉండాలె, చెయ్యి అక్కడికెల్లి కిందికి జారొద్దు, భుజాల గీత దాటి వెనక్కు పోవద్దు అంటది. ఫౌలైతే అయింది, అంత బరువును అట్ల విసిరితే మోచెయ్యి పాడైతది.

కల్వకుర్తి దగ్గర ఒక ఊర్ల ఒక పిల్లగాడు ఇట్లనే చేస్తున్నడు. నేను “విసరొద్దురా, నెట్టు” అన్న. మళ్ల విసిరిండు. “నెట్టు” అని ఇంకింత గట్టిగ అన్న. ఇంకింత గట్టిగ విసిరిండు! నేను గొంతు పెంచితే వాడు బలం పెంచిండు. అప్పుడు గుండు కింద పెట్టమని అడిగిన, “మీ ఊర్ల ట్రాక్టర్ ట్రాలీ బురదల దిగబడితే ఎట్ల నెడ్తరు, చూపి.” నా ముందటనే చేసి చూపెట్టిండు. ఒక కాలు వెనక్కు పెట్టిండు. మోకాలు వంచిండు. అరచెయ్యి ముందట పెట్టి, మోచెయ్యి పక్కటెముకల కాడ పెట్టుకొని, కాళ్లకెల్లి లేచిండు. చెయ్యి ఆఖరికి చాపిండు. నేను రెండు వారాల సంది నేర్పుదామనుకున్నది అంత అందుల ఉన్నది! గుండు బలం చేతిల ఉండదు, కాళ్లల్ల పుట్టి నడుము మీదికెల్లి చేతికి వస్తది. ఆ సంగతి వాని ఒంటికి ముందే ఎరుక. నా మాటనే దానికి అడ్డం పడ్డది.

కాబట్టి పిల్లగాడు తప్పు చేస్తే అదే మాటను గట్టిగ చెప్పకుండ్రి. మాట మార్చుండ్రి. వాడు చేసిన పనిల, వాడు చూసిన ఊర్ల ఆ కదలిక యాడున్నదో వెతకండ్రి.

దీని మీద పరిశోధన కూడ ఉన్నది. గాబ్రియెల్ వుల్ఫ్ అని ఒక పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినోళ్లు 1998ల ఒక ప్రయోగం అచ్చేసిన్రు. మంచు మీద జారే ఆట ఉంటది గద, స్కీయింగ్, దాని సాధన కోసం చక్రాల మీద అటు ఇటు కదిలే యంత్రం ఒకటి. కొందరికి పాదంతోని ఒత్తాలె అని చెప్పిన్రు. ఇంకొందరికి పాదం కింద ఉన్న చక్రాన్ని ఒత్తాలె అని చెప్పిన్రు. పని ఒక్కటే, చక్రం ఉన్నది పాదం కిందనే. అయినా చక్రం మీద మనసు పెట్టినోళ్లే మంచిగ నేర్చుకున్నరు. తర్వాత వేరే ఆటల్ల చేసిన ప్రయోగాలల్ల కూడ చానాసార్లు ఇదే తేలింది. మనం మాత్రం “మోచెయ్యి లేపు, మణికట్టు వంచు, మోకాలు మడువు” అని ఒంట్ల ఒక్కొక్క కీలు పేరు చదువుతుంటం. పిల్లగాడు ఆ కీలునే చూసుకుంట బిగుసుకపోతడు. “నెట్ మీదికెల్లి ఆ వేపచెట్టు కొమ్మకు తగిలేటట్టు కొట్టు” అంటే చెయ్యి దానంతట అదే లేస్తది.

ఇంగ్లీషు మాటల సంగతి జల్ది చెప్త. స్ప్రింట్‌ల “సెట్” అంటే పిల్లలకు “సిట్” అని వినపడ్తది. నడుము లేపాల్సిన టైముకు కూసుంటరు. నేను కండ్లార చూసిన. పోటీల్ల స్టార్టర్ ఇంగ్లీషుల చెప్తడు కాబట్టి ఆ మాట నేర్పాల్సిందే. మొదటి వారం మాత్రం “సెట్, నడుము లేపు” అని రెండు జోడించి చెప్పుండ్రి. కుడి ఎడమ ఇంకొకటి. పిల్లల దిక్కు మొఖం పెట్టి నిలబడి కుడి చెయ్యి లేపితే, చిన్నపిల్లలు వాళ్ల ఎడమ చెయ్యి లేపుతరు, అద్దంల లెక్క. కొత్త కదలిక చూపించేటప్పుడు వాళ్లకు వీపు పెట్టి నిలబడుండ్రి. కబడ్డీల రైట్ కార్నర్ అంటే మన డిఫెన్స్‌కు కుడి. రైడర్ చూసేటందుకు అది ఎడమ. ఇది కోర్టుల నడిపిచ్చి చెప్పాలె, బోర్డు మీద చెప్తే పోదు.

మన పిల్లలందరి ఇంటి భాష తెలుగు కాదు, అది గూడ యాదికుంచుకోండ్రి. దేవరకొండ, అచ్చంపేట తండాలల్ల లంబాడి మాట్లాడుతరు. మక్తల్, నారాయణపేట దిక్కు కన్నడ ఇండ్లున్నయి. ఈ టౌన్ల ఉర్దూ ఉన్నది. ఆ పిల్లగాడు మన మాటను మనసుల తర్జుమా చేసుకొని చేస్తడు. రెండు సెకండ్లు ఆలస్యమైతది. ఆ రెండు సెకండ్లకే మనం “మందబుద్ధి” అని పేరు పెడ్తం. పెట్టకుండ్రి.

కొన్నిసార్లు మాటల తప్పుండదు, మన ప్రాక్టీసుల ఉంటది. ఒక మగపిల్లల కబడ్డీ టీంకు బోనస్, అంటే కూతకు పోయినోడు తెచ్చే అదనపు పాయింట్, నేర్పిన. ముందుకాలు బోనస్ గీత దాటాలె, వెనక కాలు గాల్ల ఉండాలె. మంచిగ నేర్చుకున్నరు. మ్యాచ్‌ల ఎదురు కోర్టుల ఐదుగురే మిగిలిన్రు, మావోడు బోనస్ కోసం లోపలికి పోయి కాలు ఇచ్చిండు. యాంకిల్ పట్టిన్రు, ఔట్. బోనస్ ఉండేది ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే. ఆ రూల్ నేను చెప్పిన, నోటితోని చెప్పిన. నెల రోజులు చేయించిన ప్రాక్టీసుల మాత్రం ఎదుట ఎప్పుడు ఏడుగురినే నిలబెట్టిన. వాని కాళ్లు నేర్చుకున్నది నా నోటి మాట కాదు. ఖో-ఖోల కూడ అంతే. “ఖో వినంగనే లేవాలె” అని నేర్పితే పక్క కోర్టుల ఖో అన్నా లేచి నిలబడ్తరు. “వీపు మీద చెయ్యి పడి, ఖో వినపడితేనే లే” అనాలె.

ఇప్పుడు ఇంకో దిక్కు. చెప్పింది సరిగ్గ అర్థమై కూడ చెయ్యలేని పిల్లలుంటరు. వాళ్లకు మళ్ల మళ్ల వివరించుడు హింస. నల్గొండ జిల్లాల పని చేసినోళ్లకు ఇది చెప్పాల్సిన అవసరం లేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఒకప్పుడు బోరునీళ్లల్ల ఫ్లోరైడ్‌తోని కీళ్లు బిగుసుకపోయిన మనుషుల్ని ఇంటింటికి చూసినం. అసుంటి ఊర్ల గొంతుకూసోలేని పిల్లగాడిని “చెప్తే వినవా” అని గద్దిస్తే ఎంత పాపం! ముందు తేల్చుకోవాలె. వాణ్ణి నోటితోని చెప్పమనుండ్రి. నోటితోని సరిగ్గ చెప్పి, ఒంటితోని చెయ్యలేకపోతే, వానికి కావాల్సింది టైము, బలం, ఒక్కోసారి డాక్టరు. నోటితోనే తప్పు చెప్తే అప్పుడు మన మాటను సరిచేసుకోవాలె.

ప్రమాదం ఉన్న కాడ మాత్రం ఈ వివరణలు పనికిరావు. జావెలిన్ గాల్ల ఉండంగ ఒకడు ఏరుకొచ్చేటందుకు ఉరికితే “నువ్వేం విన్నవ్ బిడ్డా” అని అడుగుతమా? విజిల్. అంతా ఆగాలె. ఆగినంక అడగాలె. భువనగిరి కొండ మీద తాడు పట్టి ఎక్కేటోళ్లను చూడుండ్రి. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అక్కడనే నేర్చుకొని 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన్రు, అప్పుడు పూర్ణకు 13 ఏండ్లు. తాడు పట్టి కొండ ఎక్కేకాడ పైనోడు ఒక మాటంటే కిందోడు జవాబు చెప్పాలె. జవాబు వినకుండ కదలొద్దు. మాటలు కూడ ఏరి పెట్టుకున్నరు. “స్లాక్” అంటే తాడు వదులు చెయ్యి, “టేక్” అంటే గుంజి పట్టు. వదులును గుంజు అనేటందుకు “టేక్ ద స్లాక్” అన్నరనుకో, గాలికి కిందోనికి “స్లాక్” ఒక్కటే వినపడొచ్చు. గుంజాల్సినోడు వదులుతడు. అందుకే ఆ రెండు మాటలు కలపరు. మన గ్రౌండ్‌ల కూడ ఆపే మాట ఒక్కటే ఉండాలె, దాన్ని ఇంకా దేనికి వాడొద్దు. దూరం విసిరినోణ్ణి మెచ్చుకునేటందుకు, పిల్లల్ని పిలిచేటందుకు అదే విజిల్ ఊదితే, ఆపాల్సిన రోజు ఎవ్వరు ఆగరు.

నీళ్ల సంగతి మర్చిపోయేటోణ్ణి. ఇది మే నెల శిబిరాలకు ముఖ్యం. ఒక ఏడు క్యాంపుల పిల్లలు ఉరుక్కుంట వచ్చి కడుపు నిండ నీళ్లు తాగి మళ్ల ఉరికి కక్కుకుంటున్నరు. “ప్రాక్టీస్ మధ్యల నీళ్లు తాగొద్దు” అన్న. ఒకటేసారి కడుపు నిండ తాగొద్దు, గుక్కెడు గుక్కెడు తాగాలె అని నా ఉద్దేశం. ఒక పిల్లగాడు పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాక ఒక్క చుక్క ముట్టలేదు. పెదవులు ఎండి తెల్లగయినయి. లైన్ల నిలబడ్డోడు నిలబడ్డట్టే కూలిపోయిండు. చెట్టు కిందికి తీసుకపోయి, బట్ట తడిపి తుడిచి, తెలివికి వచ్చినంక మెల్లగ తాపినం. బాటిల్ వాని సంచిల నిండుగ ఉన్నది. వాడు నా మాట మీద అంత భక్తితోని ఉన్నడు. మాట వినే పిల్లగాడే మన తప్పు మాటకు ముందు బలి అయితడు. మాట విననోడు ఎట్లనో ఒకట్ల బతుకుతడు, చాటుకు పోయి తాగి వస్తడు.

శిక్షల గురించి ఒక మాట. తప్పుగ అర్థం చేసుకున్నందుకు గ్రౌండ్ చుట్టు రౌండ్లు, గుంజీలు... ఇవి బంద్ చెయ్యాలె. ఉరుకుడు మన వరం. దాన్నే శిక్ష చేస్తే ఆ పిల్లగాడు జన్మల ఉరుకుడును ప్రేమిస్తడా? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టుడునే కాదు, మనసు నొప్పిచ్చే వేధింపును కూడ నిషేధించింది. చట్టం సంగతి పక్కకు పెట్టినా, ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లను అందరి ముందట నవ్వులపాలు చేస్తే మర్నాటి నుంచి గ్రౌండ్‌కు రాదు. ఇంట్ల అడిగితే కడుపునొప్పి అంటది. ఆ పిల్ల ఆట అక్కడితోని ఆగిపోతది, మనకు తెల్వను కూడ తెల్వదు. ఒళ్లు పట్టి సరిచేసేటప్పుడు గూడ ముందే చెప్పి, అడిగి, అందరికి కనపడేటట్టు చెయ్యాలె. ఆడపిల్లలకైతే మేడంతోనో తోటి పిల్లతోనో చేయించాలె. మన చెయ్యి ఎందుకు వచ్చిందో ఆ పిల్లకు తప్పుగ అర్థమయ్యే సందే ఇయ్యొద్దు.

(సభలోంచి ఒక పీఈటీ: “సార్, నాకు ఒక పీరియడ్‌ల అరవై మంది. అందర్ని ఒక్కొక్కర్ని ఏం విన్నవని అడిగితే ఆటెప్పుడు ఆడిస్త?”)

మంచి ప్రశ్న అడిగినవ్ తమ్మీ. అందర్ని అడగొద్దు. ముగ్గుర్ని అడుగు. ఒకడు ఆఖరి వరుసల చివరోడు. ఒకరు ఆ వారం కొత్తగ వచ్చినోళ్లు. ఒకడు ఎప్పుడు నోరు తెరవనోడు. ముందట నిలబడి చెయ్యి లేపేటోణ్ణి అడగకు, వానికి నువ్వు చెప్పకున్నా వచ్చు. ముగ్గుర్ల ఇద్దరు ఒక్కతీరు తప్పు చెప్పిన్రంటే అరవై మందిని ఆపు, మాట మార్చి మళ్ల చెప్పు. రెండు నిమిషాల పని. ఒక తప్పు ఒంటికి పట్టినంక ఇడిపిచ్చేటందుకు రెండు నెలలు పడ్తది.

(ఇంకొకరు: “అట్ల ప్రతిసారి మాదే తప్పంటే పిల్లలు నెత్తికెక్కరా సార్?”)

నేను ముప్పై ఏండ్లకు పైన చేసిన, మేడం. “నేను సరిగ చెప్పలేదు, మళ్ల చెప్త వినుండ్రి” అని అన్నందుకు నా నెత్తికెక్కిన పిల్ల ఒక్కతి లేదు. ఆ మాట అన్న రోజు నుంచే వాళ్లు “సార్, నాకు కాలేదు” అని చెప్పుడు మొదలుపెట్టిన్రు. నిర్లక్ష్యం చేసేటోళ్లు ఉంటరు, కాదనను. వాళ్లను వేరే చూసుకోవాలె. అయితే మొదటిసారి తప్పు చేసినప్పుడు నిర్లక్ష్యం అని ఎన్నడు అనుకోకుండ్రి. అడిగి చూసినంకనే అనుకోండ్రి.

సరే, ఎండ ఎక్కకముందే గ్రౌండ్‌లకు పోదాం. ఇద్దరిద్దరు జోడీ కట్టుండ్రి. ఒకరు చేతులు వెనక్కు కట్టుకొని, చూపియ్యకుండ, మాటలతోనే ఖో-ఖోల స్తంభం మలుపు ఎట్ల తిరగాలెనో చెప్పాలె. రెండోవాళ్లు తమకు తెలిసింది చెయ్యొద్దు. చెవిల పడ్డది పడ్డట్టే చెయ్యాలె. ఎవరన్న స్తంభానికి గుద్దుకునేటట్టుంటే నేను విజిల్ ఊదుత, ఉన్నోళ్లు ఉన్నకాడ ఆగాలె. ఇప్పుడు నేనేం చెప్పిననో ఆ ఆఖరి కుర్చీల కూసున్న తమ్ముడు లేచి ఒకసారి చెప్పాలె.